ఎండాకాలంలో గల్ఫ్‌కు పోయే తమ్ముళ్ళూ, బ్యాగు కట్టేముందు

మొన్న ఆదివారం దేవరకద్ర దగ్గర మా మేనమామ వాళ్ళ ఊరికి పోయాను. పక్కింటి పిల్లగాడు మంగళవారం రాత్రి దుబాయ్ ఫ్లైట్ ఎక్కుతున్నాడు. పన్నెండేళ్ళు అక్కడ పని చేసి వచ్చినవాణ్ణని, ఎవరు పోతున్నా ఒకసారి బ్యాగు చూడమని నన్ను పిలుస్తారు. నులక మంచం మీద బ్యాగు బోర్లించి ఒక్కొక్కటే చూస్తున్నాను. మురుకుల డబ్బా, మామిడికాయ తొక్కు, జొన్నపిండి, దుప్పటి. వాటి కింద స్టీలు డబ్బాలో కోడికూర మసాలా పొడి.

“పెద్దమ్మా, ఇందులో ఏమేం వేసినవ్?”

“ధనియాలు, లవంగాలు, చెక్క, ఎండుకొబ్బరి, గసగసాలు. ఏం బిడ్డా, తక్కువైందా?”

ఆ డబ్బా తీసి పక్కన పెట్టాను. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క కాయలోంచే. మన దగ్గర ప్రతి కిరాణా కొట్లో అమ్ముతారు కాబట్టి మనకు అనుమానం రాదు. యూఏఈ (దుబాయ్, షార్జా ఉన్న దేశం), సౌదీ, ఖతార్ దేశాల్లో మాత్రం అవి నిషేధం. మత్తు పదార్థాల కేసు కిందికి వస్తాయి. పొడి కొట్టినా, కూరలో కలిపినా, మిఠాయి మీద చల్లినా అంతే. శంషాబాద్‌లో ఎవరూ ఆపలేదని ధైర్యపడొద్దు, పట్టుకునేది అక్కడ దిగాక. “మా అమ్మ వేసింది, నాకు తెలియదు” అంటే వినే చోటు కాదు అది. పెద్దమ్మ ఇంకో మాట అనకుండా లేచి, గసగసాల బదులు నువ్వులు వేయించి మసాలా మళ్ళీ నూరింది. తమలపాకులు, గుట్కా, జర్దా కూడా ఇంట్లోనే వదిలేయండి.

అదే బ్యాగులో ఇంకో కవరు దొరికింది. ఊర్లో వేరేవాళ్ళు షార్జాలో ఉన్న కొడుక్కి పంపించారట. విప్పితే నాలుగు షీట్ల గోళీలు. నడుం నొప్పికని ఆర్‌ఎంపీ దగ్గర తీసుకున్నవి. షీటు వెనక చిన్న అక్షరాల్లో ట్రమడాల్ అని ఉంది. ఇది యూఏఈలో ప్రభుత్వ నియంత్రణలో ఉండే మందు. ముందుగా అనుమతి లేకుండా ఒక్క గోళీ పట్టుకుపోయినా కేసే. కోడీన్ కలిసిన దగ్గు సిరప్ కూడా అంతే. నరాల నొప్పులకు, నిద్రకు, టెన్షన్‌కు వాడే గోళీల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఆ కవరు ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళకూ తెలియదు. కానీ కస్టమ్స్ వాళ్ళు అడిగేది బ్యాగు ఎవరిదని, గోళీలు ఎవరివని కాదు.

మొహమాటం మనవాళ్ళను ముంచే చోటు ఇదే. “మావోనికి ఇయ్యి తమ్మీ” అంటే కాదనలేం. కాదనక్కర్లేదు కూడా. ఇచ్చినవాళ్ళ ముందే విప్పి చూడండి. కుట్టేసిన మూట, టేపు చుట్టిన డబ్బా, సీలు వేసిన తొక్కు ప్యాకెట్ మాత్రం తీసుకోవద్దు, మేనత్త ఇచ్చినా సరే. ఎయిర్‌పోర్ట్ దగ్గరికి వచ్చి ఎవరైనా చేతిలో పెడితే అసలే వద్దు. మీకు బీపీ, షుగర్ ఉంటే మందులు షీట్లతోనే ఉంచుకోండి, డబ్బాల్లోకి ఒలిచి పోసుకోవద్దు. మీ పేరు మీద డాక్టర్ ఇంగ్లిష్‌లో రాసిన చీటీ, ఆ మందులు, రెండూ చేతి సంచిలోనే ఉండాలి.

చేతిలో పెట్టే వీసా కాగితం సంగతీ ఇంతే, అదింకా ప్రమాదం. మన దగ్గర ఇప్పటికీ “ఆజాద్ వీసా” అని అమ్ముతున్నారు. ఎక్కడైనా పని చేసుకోవచ్చు, ఎవరి కింద ఉండక్కర్లేదు అంటారు. చట్టంలో అలాంటి వీసా లేదు. కాగితం మీద ఎవరో ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఉంటాడు. అతని దగ్గర కాకుండా బయట పని చేస్తూ దొరికితే తప్పు మీదే అవుతుంది. విజిట్ వీసా మీద పంపించి “పోయినంక మార్పిస్తాం” అనేవాళ్ళ మాట నమ్మొద్దు. మార్పించకపోతే మీరు ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేనివాళ్ళు, అయినట్టే. జీతం అడగలేరు, దవాఖానకు పోలేరు, ఇంటికి రావాలన్నా జరిమానా కట్టాలి.

పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ముద్ర ఉంటుంది. గల్ఫ్‌లోని ఆరు దేశాలతో కలిపి మొత్తం 18 దేశాలకు పనికి పోవాలంటే వీళ్ళకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఈమైగ్రేట్ అనే వెబ్‌సైట్ ద్వారా అది వస్తుంది. చాలామంది దీన్ని తలనొప్పి అనుకుంటారు, తప్పించుకోవడానికే విజిట్ వీసా ఎక్కుతారు. కానీ మిమ్మల్ని కాపాడేది ఆ అనుమతే. మీ కంపెనీ పేరు, జీతం, కాంట్రాక్టు అన్నీ అందులో రికార్డవుతాయి. రేపు జీతం ఎగ్గొడితే చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది.

అదే వెబ్‌సైట్‌లో లైసెన్సున్న ఏజెంట్ల లిస్టు కూడా ఉంది. మీ ఊరికి వచ్చేది ఏజెంట్ కాదు, సబ్ ఏజెంట్. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో సబ్ ఏజెంట్‌కు చోటే లేదు. “నీ లైసెన్సు నంబర్ చెప్పన్నా” అని అడగండి. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. లైసెన్సున్న ఏజెంట్ కూడా తన ఫీజు కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. యూఏఈ చట్టమైతే కార్మికుణ్ణి తెచ్చుకునే ఖర్చంతా కంపెనీయే పెట్టుకోవాలంటుంది.

మరి మన పిల్లలు లక్షన్నర కట్టి పోతున్నారు. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెస్తే నెలకు 4,500 మిత్తికే పోతుంది, ఏడాదికి 54,000. అసలు అట్లనే ఉంటుంది. జీతం రెండు నెలలు ఆలస్యమైతే ఆ మిత్తి కోసం అమ్మ మెడలోది బ్యాంకుకు పోతుంది. చెడ్డ కంపెనీ అని తెలిసి కూడా తిరిగి రాలేకపోవడానికి కారణం ఈ అప్పే. కార్మికులు ఉండే క్యాంపుల్లో ఇలాంటివాళ్ళను ఎంతమందినో చూశాను. అందుకే ఏజెంట్‌కు డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకులో వేయండి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనంటే ఏజెంట్‌నే మార్చండి.

ఆఫర్ లెటర్ సంతకం పెట్టేముందు ఎవరితోనైనా చదివించుకోండి. యూఏఈ ఆఫర్ లెటర్ అరబ్బీ, ఇంగ్లిష్‌తో పాటు కార్మికుడికి తెలిసిన ఇంకో భాషలో కూడా ఉండాలి. తెలుగు లేదు, హిందీ, ఉర్దూ ఉన్నాయి. పాలమూరులో ఉర్దూ చదివే మనిషి దొరకడం కష్టం కాదు. బేసిక్ జీతం ఎంత? తిండి, రూమ్ కంపెనీదా, మనదా? రోజుకు ఎన్ని గంటలు, ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క ఏంటి? సెలవుకు టికెట్ ఎన్నేళ్ళకు? “మొత్తం ఇంత వస్తది” అన్న మాటలో ఓటీ కూడా కలిపి చెబుతారు. ఓటీ లేని నెలలో చేతికొచ్చేది బేసిక్కే, పని వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు లెక్కా బేసిక్ మీదే. ఖతార్‌లో 2021 మార్చి నుంచి అందరికీ కనీస జీతం 1,000 రియాళ్ళు, తిండి కంపెనీ పెట్టకపోతే 300, రూమ్ ఇవ్వకపోతే 500 అదనం. అంతకంటే తక్కువ రాసి ఉంటే ఆ కాగితం తప్పుది.

ఈసీఆర్ వాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు వస్తాయి. పాలసీ కాగితం చేతికి వచ్చిందో లేదో, నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి.

ఇక ఎండ. ప్రాజెక్టు ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ ఉంటారని పేరున్న జిల్లా మనది. మే నెల ఎండలో మట్టి మోసినోళ్ళం, దుబాయ్ ఎండ మనల్ని ఏం చేస్తది అనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నాను. మన ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరుతుంది, ఆరేటప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. దుబాయ్, దోహా, దమ్మాం సముద్రం ఒడ్డున ఉన్న ఊర్లు. జూలై, ఆగస్టుల్లో గాలిలో తేమ అంతా ఇంతా కాదు. చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు. ఒళ్ళు లోపల వేడెక్కుతూనే ఉంటుంది. రాత్రి కూడా అదే ఉక్క.

నేను జూలైలో పోయాను. పదో రోజు, రాడ్ బెండింగ్ పని. ఓటీ పోతుందని తల తిరుగుతున్నా ఆగలేదు. తర్వాత జరిగింది నాకు గుర్తులేదు, పక్కన పని చేసే నేపాలీ మిత్రుడు చెబితే తెలిసింది. నా పేరు ఏంటని అడిగితే మా నాన్న పేరు చెప్పానట. అతను నీడకు ఈడ్చి, చొక్కా విప్పి, ట్యాంకు నీళ్ళు కుమ్మరించబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను.

ఎండదెబ్బకు చెమట ఆగిపోతుందని మన దగ్గర అంటారు. కష్టం చేసేవాళ్ళకు చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. చూడాల్సింది మాట తీరు. పొంతన లేకుండా మాట్లాడినా, నాలుక మడతపడినా, ఊరికే కోపం చేసినా, అడుగు తడబడినా ఆ మనిషిని వెంటనే నీడకు చేర్చండి. నీళ్ళు పోయండి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టండి, గాలి తగలనివ్వండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయొద్దు. ఒకరు ఈ పని చేస్తుంటే ఇంకొకరు ఫోన్ చేయాలి. అంబులెన్స్ నంబర్ యూఏఈలో 998, సౌదీలో 997, ఖతార్‌లో 999.

ఎండలో పని చేయడం ఒంటికి అలవాటు కావడానికి కనీసం వారం పడుతుంది. కొత్త మనిషి మొదటి రోజు ఐదో వంతు పని మాత్రమే చేయాలని, తర్వాత రోజుకో ఐదో వంతు పెంచాలని అమెరికాలోని నియోష్ అనే సంస్థ చెబుతుంది. అంత దయగల ఫోర్‌మన్ అందరికీ దొరకడు. కనీసం మొదటి వారం ఓటీకి పేరు ఇవ్వకండి, నీడ పట్టున పని అడగండి. పోయే తేదీ మీ చేతిలో ఉంటే అక్టోబర్ దాకా ఆగండి. నా మాట అడిగితే ఇదే అన్నిటికంటే పెద్ద జాగ్రత్త.

మధ్యాహ్నం బయట పని ఆపాలని చట్టాలున్నాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు. సౌదీలో అవే తేదీలు, పన్నెండు నుంచి మూడు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర. కువైట్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పదకొండు నుంచి నాలుగు. ఆ టైమ్‌లో ఎండలో నిలబెడితే ఫొటో, టైమ్ దగ్గర పెట్టుకుని ఆ దేశపు కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. ఫొటో ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టొద్దు, అక్కడి సైబర్ చట్టాలు చాలా కఠినం.

దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి గ్లాసు నీళ్ళు తాగండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే ఒక ముప్పై పట్టుకుపోండి. ఎనర్జీ డ్రింకులు వద్దు. ప్రతి కొట్లో లబన్ దొరుకుతుంది, అది మన మజ్జిగే, ఉప్పు వేసుకుని తాగండి. మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంటే నీళ్ళు చాలడం లేదని అర్థం. ఆ స్థితిలో ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి గోళీలు రోజూ మింగితే కిడ్నీల మీద పడుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళకే డయాలసిస్‌కు వచ్చినవాణ్ణి నా రూమ్‌లోనే చూశాను.

అక్కడికి చేరాక పాస్‌పోర్ట్ కంపెనీకి ఇమ్మంటారు. యూఏఈ, సౌదీ చట్టాల ప్రకారం యజమాని దాన్ని ఉంచుకోకూడదు. నేను ఇచ్చాను. మా నాన్న పోయినప్పుడు అది తిరిగి చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది, మట్టికి అందలేదు. వీసా పని మీద తీసుకుంటే ఎప్పుడు ఇస్తారో అడగండి, ఫొటో మీ ఫోన్‌లోనూ, ఇంట్లోవాళ్ళ ఫోన్‌లోనూ ఉండాలి. మీ అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు) మీద ఇంకొకరికి సిమ్ ఇప్పించొద్దు, మీ బ్యాంకు ఖాతాలోకి వేరేవాళ్ళ డబ్బు రానివ్వద్దు.

యూఏఈలో కష్టమొస్తే మన ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం నంబర్ 80046342, అక్కడి నుంచి ఫోన్ ఉచితం. ఇంటి దగ్గరివాళ్ళు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా హైదరాబాద్ ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణికి పోవచ్చు. ఎక్కడికి పోయినా వాళ్ళు మొదట అడిగేది కంపెనీ పేరు. “దుబాయ్‌లో ఉన్నాడు సార్” అని మాత్రమే చెప్పగలిగిన తల్లులను నేను చూశాను.

ఆ ఆదివారం చివరిగా చేసింది ఈ పనే. కంపెనీ పూర్తి పేరు, క్యాంపు ఉన్న ఊరు, పాస్‌పోర్ట్ నంబర్, వీసా నంబర్, బీమా పాలసీ నంబర్, అదే కంపెనీలో పనిచేసే ఇంకొకరి ఫోన్ నంబర్. పెద్దమ్మకు చదువు రాదు. ఏడో తరగతి చదివే మనవరాలు పాత క్యాలెండర్ వెనక స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఆఫర్ లెటర్‌లో ఉన్నట్టే ఉందో లేదో రెండుసార్లు చూశాం. దాన్ని తలుపు పక్కన మేకుకు తగిలించారు. వారం రోజులు ఫోన్ రాకపోతే ఆ క్యాలెండర్ తీసుకుని బస్సెక్కమని పెద్దమ్మకు చెప్పి వచ్చాను.