పరాయి దేశంలో పెరిగి గోదావరి జిల్లాలకి వచ్చారా? క్రైస్తవ, హిందూ స్నేహాల గురించి నాలుగు మాటలు

మస్కట్‌లోనో డల్లాస్‌లోనో పెరిగి ఇప్పుడు నర్సాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు ఉండటానికి వచ్చినవాళ్లకి ఇది అమ్మానాన్నల ఊరే అయినా పరాయి దేశంలాగే ఉంటుంది. ఇక్కడ క్రైస్తవం నిన్నమొన్నటిది కాదు. 1836లో ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నర్సాపురం నుంచి పనిచేశారు, అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. దాన్ని కట్టించిన కాటన్ దొర గట్టి క్రైస్తవుడు, ఆయన విగ్రహాలకి దండలు వేసేది ఎక్కువగా హిందూ రైతులు.

టెన్షన్ అంతా తిండి దగ్గరే. చవితికి పక్కింటి క్రైస్తవులకి ఉండ్రాళ్లు పంపాలా వద్దా? కొందరు తింటారు, కొందరు తినరు, ఒకే ఇంట్లో అత్తగారు ముట్టుకోరు, కోడలు రెండోసారి అడుగుతుంది. తినకపోవడం పొగరు కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో పౌలు, పిలిచినవాళ్లు పెట్టింది అడక్కుండా తినండి, కానీ ఇది విగ్రహానికి అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం తినకండి అంటాడు, దాన్ని ఒక్కో సంఘం ఒక్కోలా పాటిస్తుంది. "నైవేద్యం పెట్టకముందే తీసి పంపనా అండి?" అని అడిగెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీరు క్రైస్తవులైతే కార్తీక మాసంలో కృతజ్ఞతా కూడిక పెట్టుకుని బిర్యానీ ఒక్కటే వండించకండి, సగం మంది స్నేహితులు కేకు ముక్క తిని వెళ్లిపోతారు. పేరంటంలో బొట్టు వద్దనుకుంటే చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆగకుండా "తాంబూలం చాలు పిన్నిగారూ" అనండి. ఆసుపత్రిలో ఉన్న స్నేహితుడి కోసం ప్రార్థన చేస్తే అడిగి చేయండి, వద్దంటే మళ్లీ ఎత్తకండి (కరపత్రాలు పంచడానికి అది చోటు కాదు).

అస్సలు అడగకూడనిది ఒకటుంది: "సర్టిఫికెట్‌లో మీరేంటి?" 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. అందుకని ఆదివారం చర్చిలో కనిపించే మనిషికి కాగితం మీద హిందూ అని ఉండొచ్చు, దాని మీద పిల్లల సీటో ఉద్యోగమో ఆధారపడి ఉంటుంది. సరదాకి అడిగినా కులం అడిగినట్టే వినిపిస్తుంది. నిజానికి ఇక్కడ మతం దాటిన స్నేహం చాలాసార్లు కులం దాటిన స్నేహం కూడా, పెద్దవాళ్లలో కొందరికి గుచ్చుకునేది అదే. పండక్కి స్వీట్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లలోనే, దళితులుండే పేటలోని ఇంటికి వెళ్లి అన్నం తినమంటే ఏదో పని గుర్తొచ్చేవాళ్లుంటారు. మీకా పట్టింపు ఇంకా అంటలేదు కదా, పిలిస్తే వెళ్లి కూర్చుని తినండి, పులస దొరికే రోజులైతే రెండోసారి పిలిపించుకోకండి.