ముందు చెవి, తర్వాత కన్ను: హైస్కూల్ పిల్లలు ఇంగ్లీష్ వినడం, చదవడం ఎలా సాధన చేయాలి

పోయినేడాది తొమ్మిదో తరగతిలో ఒక చిన్న పని చేశాను. పాఠ్యపుస్తకంలో లేని పేరా ఒకటి, ఎనిమిది వాక్యాలది, మామూలు వేగంతో ఒక్కసారి చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు అడిగాను. ఎనభైలు, తొంభైలు తెచ్చుకునే పిల్లలు కూడా పెన్ను పట్టుకుని నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయారు. అదే పేరా కాగితం మీద ఇస్తే పది నిమిషాల్లో చాలామంది నాలుగింటికి మూడు సరిగ్గా రాసేశారు. అంటే పదాలు తెలుసు, గ్రామర్ తెలుసు, చెవికి మాత్రం ఏదీ అందలేదు.

ఇందులో తప్పు పిల్లలది కాదు. మన బళ్ళలో ఇంగ్లీష్ పాఠం ఎలా సాగుతుందో గుర్తు తెచ్చుకోండి. సార్ సగం వాక్యం చదివి ఆగుతారు, దానికి తెలుగు చెబుతారు, మళ్ళీ సగం వాక్యం, మళ్ళీ తెలుగు. పిల్లలు పుస్తకంలో లైను పైన పెన్సిల్‌తో అర్థాలు రాసుకుంటారు. అలా పదేళ్ళు చదివినా ఒక పేరా మొత్తం ఇంగ్లీష్‌లో ఏకధాటిగా విన్న సందర్భం ఒక్కటీ ఉండదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో వినడానికి మార్కులు లేవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు కూడా. కానీ ఆ తర్వాత? తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లీష్‌లో 20 మార్కులకు ప్రాక్టికల్స్ పెట్టింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు తెచ్చిన టోఫెల్ జూనియర్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 126 ప్రశ్నలు ఉండేవి, అందులో 42 వినికిడివే. పరీక్షల సంగతి పక్కన పెట్టినా, రేపు కాలేజీలో లెక్చరర్ గంటసేపు ఇంగ్లీష్‌లో చెబుతుంటే మధ్యమధ్యలో ఆపి తెలుగు చెప్పేవాళ్ళు ఉండరు కదా.

సరే, అసలు విషయానికి వద్దాం. వినేటప్పుడు ఎక్కడ చిక్కుకుంటున్నామో ముందు తెలియాలి. చాలామంది "నాకు వొకాబ్యులరీ తక్కువ" అనుకుంటారు, అది సగమే నిజం. మనం తెలుగులో "వాడెక్కడున్నాడు?" అంటాం. రాస్తే అది మూడు ముక్కలు: వాడు, ఎక్కడ, ఉన్నాడు. కొత్తగా తెలుగు నేర్చుకునే ఒక బెంగాలీ అతను ఈ మూడు పదాలూ విడివిడిగా నేర్చుకుని మన ఊరొచ్చినా "వాడెక్కడున్నాడు" అర్థం కాదు, ఎందుకంటే అతను నేర్చుకున్న "ఎక్కడ" ఆ మాటలో అతనికి వినబడదు. ఇంగ్లీష్‌లో మన పరిస్థితి సరిగ్గా ఇదే. "పిక్ ఇట్ అప్" అని పుస్తకంలో ఉంటుంది, నోట్లోంచి "పికిటప్" అని వస్తుంది. "నాట్ ఎట్ ఆల్" కాస్తా "నాటెటాల్" అవుతుంది. మీకు ఇది కొత్తేమీ కాదు, ఒకటో తరగతి నుంచి రోజూ గుమ్మం దగ్గర "మే ఐ కమిన్ సార్" అంటూనే ఉన్నారు, కమ్, ఇన్ అని విడదీసి ఎవరూ అనలేదు. తెలుగు వ్యాకరణంలో సంధులు విడదీయడం నేర్చుకున్నారు కదా, ఇంగ్లీష్ వింటున్నప్పుడు చెవితో చేయాల్సింది కూడా ఆ విడదీయడమే. హల్లుతో ముగిసే మాట పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే అవి రెండూ కలిసిపోతాయని ఒక్కటి గుర్తుంచుకున్నా సగం దారి దొరుకుతుంది.

మిగతా సగం ఏమిటంటే, ఇంగ్లీష్‌లో అన్ని మాటలూ ఒకే బలంతో పలకరు. మనం "ఐ వాంట్ టు గో టు ద మార్కెట్" అని ప్రతి పదాన్నీ సమానంగా చదువుతాం. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు వాంట్, గో, మార్కెట్ గట్టిగా అని మిగతావి మింగేస్తారు. కాబట్టి వింటున్నప్పుడు మింగేసిన చిన్న మాటల కోసం వెతకొద్దు, గట్టిగా వినబడిన మాటలు పట్టుకోండి, వాక్యం దాదాపు దొరికినట్టే. ఒక్క జాగ్రత్త: "కెన్", "కాంట్" తేడా మాత్రం వదిలేయకూడదు, అర్థమే తలకిందులవుతుంది. "కెన్" చిన్నగా మాయమైపోతుంది, "కాంట్" బలంగా వినిపిస్తుంది. చివర ఉన్న "ట్" కోసం కాకుండా ఆ బలం కోసం వినండి.

ఇప్పుడు సాధన. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాల ఆడియో తీసుకోండి. అందులోని మాటలన్నీ రాసి ఉన్న పాఠం కూడా దొరకాలి, ఈ షరతు ముఖ్యం, అది లేకపోతే మీరు ఏం వినలేకపోయారో మీకే తెలియదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో కథలు ఉచితం, ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలుగా ఉంటాయి, కొన్నింటిని చదివి వినిపిస్తారు కూడా. తొమ్మిదో తరగతి వాళ్ళైనా రెండో స్థాయితో మొదలుపెట్టడానికి సిగ్గుపడకండి, కన్ను తొమ్మిదో తరగతిలో ఉన్నా చెవి ఇంకా రెండులోనే ఉంది కాబట్టి దానికి తగ్గదే పెట్టాలి. అవి తేలికైపోయాక బీబీసీ వాళ్ళ సిక్స్ మినిట్ ఇంగ్లీష్ అనే ఆడియో కార్యక్రమం చూడండి. అందులో మొదట్లోనే ఒక ప్రశ్న వేసి జవాబు చివర్లో చెబుతారు, కాబట్టి మనకు తెలియకుండానే చివరిదాకా వింటాం. పాఠం కూడా పక్కనే ఉంటుంది. ఆరు నిమిషాలూ ఒకేసారి వద్దు, ముక్కలు చేసుకోండి.

మొదటిసారి పాఠం చూడకుండా, ఎక్కడా ఆపకుండా చివరిదాకా వినండి. ఒక మాట తెలియలేదని అక్కడే ఆగి ఆలోచిస్తే తర్వాతి మూడు వాక్యాలు పోతాయి, పోయింది పోనివ్వండి. అయిపోయాక ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అని మూడు ముక్కలు రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు. దీని మీద కొందరు టీచర్లకు అభ్యంతరం ఉంటుందని తెలుసు, కానీ ఇక్కడ మనం చూసేది అర్థమైందా లేదా అని, రాయడం వచ్చా లేదా అని కాదు. రెండోసారి విని రాసినదానికి ఇంకేమైనా చేర్చండి. మూడోసారి మాత్రం పాఠం ముందు పెట్టుకుని లైను వెంట వేలు పెట్టుకుంటూ వినండి. అప్పుడు "అరే, ఇది నాకు తెలిసిన మాటే" అనిపించే చోట్లు వస్తాయి, వాటి కింద గీత గీయండి. నిజంగా తెలియని మాటలు వేరు, తెలిసీ వినబడని మాటలు వేరు. నోట్‌బుక్‌లో రెంటికీ రెండు వేర్వేరు పేజీలు పెట్టండి. నా క్లాసులో దాదాపు అందరికీ రెండో పేజీయే ముందు నిండింది, ఆ పేజీ చూసుకున్నాకే పిల్లలకు తమ మీద తమకు కాస్త నమ్మకం వచ్చింది.

తర్వాత పుస్తకం మూసి ఇంకోసారి వినండి. ఇందాక గజిబిజిగా ఉన్నది ఇప్పుడు విడివిడిగా వినబడుతుంది, ఆ తేడా మీకే తెలుస్తుంది. చివరగా ఆడియోతో పాటే మీరూ పైకి అనండి, వాళ్ళు ఎక్కడ కలిపితే అక్కడే కలిపి. నోటికి అలవాటైన ధ్వనిని చెవి తొందరగా పోల్చుకుంటుంది. అదే ఆడియో మర్నాడు కూడా వినాలి, మూడో రోజు కొత్తది. వేగం మరీ ఎక్కువనిపిస్తే యూట్యూబ్‌లో 0.75 పెట్టుకోవచ్చు, అంతకంటే తగ్గిస్తే మాటలు సాగిపోయి సహజంగా ఉండవు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ మూడోసారి వినేటప్పుడు మాత్రమే, తెలుగు సబ్‌టైటిల్స్ అసలు వద్దు, అవి ఉంటే కన్ను పని చేస్తుంది, చెవి నిద్రపోతుంది.

ఫోనే అక్కర్లేని పాఠం ఒకటి రైల్వే స్టేషన్లో ఉంది. విజయవాడలోనో కాజీపేటలోనో ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే ఒకే ప్రకటన తెలుగు, హిందీ, ఇంగ్లీష్‌లలో వరసగా వస్తుంది. "విశాఖపట్నం నుండి హైదరాబాద్ వెళ్ళు గోదావరి ఎక్స్‌ప్రెస్" అని ముందే విన్నారు కాబట్టి ఇంగ్లీష్‌లో ఏం రాబోతుందో మీకు తెలుసు. అప్పుడు "ట్రైన్ నంబర్ వన్ టూ సెవెన్ టూ సెవెన్" అంటుంటే ఆ అంకెలు రాసి, బోర్డు మీద 12727 ఉందో లేదో చూసుకోండి. అంకెలు, టైములు వినడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఏ లిజనింగ్ పరీక్షలోనైనా ఎక్కువ మంది పడేది అక్కడే, థర్టీన్‌ని థర్టీ అనుకుంటారు. థర్టీకి బరువు మొదట్లో ఉంటుంది, థర్టీన్‌ని విడిగా అన్నప్పుడు చివర సాగుతుంది.

విషయం ముందే తెలిస్తే వినడం తేలికనే ఈ సూత్రం ఇంట్లో క్రికెట్‌తో కూడా నడుస్తుంది. మ్యాచ్ తెలుగు కామెంటరీ వదిలేసి రెండు ఓవర్లు ఇంగ్లీష్‌లో పెట్టండి. ఇంగ్లీష్ పేపర్లో వెనకబడ్డ కుర్రాడు కూడా "ఎడ్జ్‌డ్ అండ్ టేకెన్" అనగానే ఎగిరి గంతేస్తాడు. ఎందుకంటే విషయం వాడికి తెలుసు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన పాఠం ఇచ్చి చూస్తే, చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. కాబట్టి కాంప్రహెన్షన్ అంటే ఇంగ్లీష్ ఒక్కటే కాదు. సోషల్, సైన్స్ పాఠాలు శ్రద్ధగా చదివిన పిల్లలకు ఇంగ్లీష్ ప్యాసేజ్ కూడా తేలికవుతుంది. రుతుపవనాల గురించి తెలుగులో తెలిసినవాళ్ళకు మాన్సూన్ గురించిన పేరా సగం అర్థమైనట్టే. కొత్త విషయం మీద ఆడియో వినే ముందు ఆ విషయం తెలుగులో రెండు నిమిషాలు చదవండి, అది దొంగదారేమీ కాదు.

ఇక చదవడం. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీష్‌లో ముందే వచ్చేస్తుంది, అందుకని మన పిల్లలు పొడుగు వాక్యం చివరిదాకా వెళ్ళి వెనక్కి నడుస్తూ తెలుగు చేసుకుంటారు. అలా ఒక్కో వాక్యానికి రెండు ప్రయాణాలు, టైమ్ అంతా అక్కడే పోతుంది. దీనికి మందు ముక్కలు చేయడం. ఈ వాక్యం చూడండి: "ది ఓల్డ్ మ్యాన్ హూ సోల్డ్ హిజ్ బుల్లక్ / టు పే ద స్కూల్ ఫీజ్ / వాక్డ్ హోమ్ / వితౌట్ లుకింగ్ బ్యాక్." పెన్సిల్‌తో ఇలా గీతలు పెట్టి, ఒక్కో ముక్క చదివి కళ్ళు మూసి బొమ్మ చూడండి: ఎద్దును అమ్మిన ముసలాయన, బడి ఫీజు కోసం, ఇంటికి నడిచాడు, వెనక్కి చూడకుండా. ఆ వరసలోనే అర్థమవ్వాలి, తిప్పి అందమైన తెలుగు వాక్యం చేయనక్కర్లేదు. రెండు వారాల తర్వాత గీతలు గీయకుండానే కన్ను ముక్కల దగ్గర ఆగుతుంది.

అదే వాక్యం మీద ప్రశ్నలు వేద్దాం. ఎందుకు అమ్మాడు? ఫీజు కట్టడానికి, లైనులోనే ఉంది. వెనక్కి ఎందుకు చూడలేదు? ఇక్కడే మార్కులు పోతాయి. ప్రశ్నలో "లుక్ బ్యాక్" కనబడగానే పిల్లలు ఆ మాట ఉన్న లైను మొత్తం ఎత్తి రాసేస్తారు. జవాబు లైనులో లేదు, ఎద్దును వదిలి వస్తున్న మనిషి మనసులో ఉంది. ఇలాంటి ప్రశ్నకు ముందు "నాకేమనిపిస్తోంది", తర్వాత "ఏ మాట వల్ల అలా అనిపించింది" అని రెండు అడుగులు వేయండి. ఆ రెండో అడుగు లేకపోతే అది ఊహ అవుతుంది కానీ జవాబు అవదు. గైడుల్లోని జవాబులు బట్టీ పట్టినవాళ్ళు తెలియని ప్యాసేజ్ వచ్చేసరికి టెన్షన్ పడేది ఈ అడుగు ఎప్పుడూ వేయలేదు కాబట్టే.

చిన్న మాటల మీద కన్నేసి ఉంచండి: బట్, హవెవర్, ఆల్దో, అన్‌లెస్. ఇవి కనబడితే సున్నా చుట్టండి, కథ అక్కడ మలుపు తిరుగుతుంది. ఇట్, దే, దిస్ లాంటివి దేని గురించో బాణం గుర్తు గీయండి. తెలియని పదం వస్తే వెంటనే డిక్షనరీ తీయొద్దు, ముందు వెనక చూసి ఒక ఊహ మార్జిన్‌లో రాసుకుని చివరిదాకా చదివి, అప్పుడు మూడు పదాలకే అర్థం చూడండి, ఏ మూడు తెలియకపోతే కథ ఆగిపోతుందో ఆ మూడు.

పరీక్షలో ప్రశ్నలు ముందు చదవాలా, ప్యాసేజ్ ముందా అని అందరూ అడుగుతారు. వినేదైతే ప్రశ్నలే ముందు, ఎందుకంటే గడిచిపోయిన మాట మళ్ళీ రాదు. చదివేదైతే ప్యాసేజ్ ఒకసారి పూర్తిగా, తర్వాతే ప్రశ్నలు అంటాను నేను. ప్రశ్నలు ముందు చూస్తే కన్ను ఆ మాటల కోసమే వేటాడుతుంది, కథ పోతుంది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షలో పేపర్ చదువుకోవడానికని 15 నిమిషాలు అదనంగా ఇస్తారు, అందులో సగమైనా ప్యాసేజ్‌లకు వాడండి.

అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని "దీని మీనింగ్ ఏంటి, దాని మీనింగ్ ఏంటి" అని అడగకండి. "ఏం కథరా అది, నాకు చెప్పు" అని తెలుగులో అడగండి. మీకు ఇంగ్లీష్ రాకపోయినా వాడికి అర్థమైందో లేదో ఆ చెప్పే తీరులోనే మీకు తెలిసిపోతుంది.

ఇంట్లో ఫోన్ దొరకని పిల్లలు బడిలో ఇద్దరిద్దరు జతకట్టండి. మధ్యాహ్న భోజనం అయ్యాక పది నిమిషాలు, ఒకరు ఇంకా చెప్పని పాఠంలోంచి ఒక పేరా పైకి చదవాలి, రెండోవాళ్ళు పుస్తకం మూసి విని కథ చెప్పాలి, తర్వాత ఇద్దరూ పుస్తకం తెరిచి ఏది జారిపోయిందో చూసుకోవాలి. మర్నాడు మార్చుకోవాలి. చదివేవాళ్ళ ఉచ్చారణ సరిగ్గా లేదని ఆగకండి, వారానికోసారి మీ ఇంగ్లీష్ టీచర్‌ని అదే పేరా ఆపకుండా, తెలుగు చెప్పకుండా ఒకసారి చదివి వినిపించమని అడగండి.