వెలుతురు తగ్గే కాలం వస్తోంది: ఇంట్లోని తీగమొక్కకు నీళ్ల విషయంలో జాగ్రత్తలు

మబ్బు పట్టిన రోజులు, ఆ వెనకే చలి. ఇంట్లో పెంచుకునే మనీ ప్లాంటు, మాన్‌స్టెరా, తీగ ఫిలోడెండ్రాన్ లాంటి మొక్కలకు ఏడాది మొత్తంలో గండం ఈ కాలంలోనే. ఎండలు కాసినన్నాళ్లూ నీళ్లు పోసిన చెయ్యి అదే లెక్కన పోస్తూ పోతుంది, మొక్కేమో అప్పటికే తాగడం బాగా తగ్గించేసి ఉంటుంది. మిగిలిపోయిన నీరు కుండీ అడుగున నిలిచి, పైకి ఏమీ తెలియకుండానే వేళ్లను కుళ్లబెడుతుంది. ఆకులు పసుపెక్కేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది. అందుకే కాలం మారకముందే జాగ్రత్త పడమని అంటున్నాను.

ఈ మూడూ చేమ కుటుంబం మొక్కలే. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న వర్షారణ్యాలది. మనీ ప్లాంటు పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మూరియా దీవి. బోలెడంత వాన పడే చోటి మొక్కలకు ఎక్కువ నీళ్లు పోస్తే తప్పేమిటని చాలామంది అనుకుంటారు. కానీ అక్కడ ఇవి చెట్ల మానులు పట్టుకుని పైకి పాకుతాయి. కురిసిన వాన బెరడు మీద నుంచి, రాలిన ఆకుల పొరలోంచి జారిపోతుంది. వేళ్లు తడుస్తాయి, వెంటనే గాలి తగులుతుంది. వేళ్లకూ ఆక్సిజన్ కావాలి. కుండీ మట్టిలోని సందులన్నీ రోజుల తరబడి నీటితో నిండి ఉంటే వాటికి ఊపిరి ఆడదు. అలా నీరసించిన వేళ్లను పిథియం, ఫైటోఫ్తోరా లాంటి తెగుళ్లు సులువుగా పట్టేస్తాయి.

ఆకుల్లోంచి నీరు ఆవిరై పోతేనే వేళ్లు కింద నుంచి కొత్త నీటిని లాగుతాయి. ఆవిరి కావాలంటే వెలుతురు, వెచ్చదనం ఉండాలి. ఈ రెండూ తగ్గితే మట్టి ఆరడం కూడా మందగిస్తుంది. కాబట్టి ఈ కాలం పొడవునా 'వారానికి ఇన్నిసార్లు' అనే లెక్క మానెయ్యండి. ఒకే ఇంట్లో కిటికీ పక్కనున్న కుండీ, గది మూలనున్న కుండీ ఒకే రోజున ఆరవు.

మరి ఎప్పుడు పోయాలి? మట్టిని అడగాలి. కొబ్బరిపొట్టు ఎక్కువగా ఉన్న మిశ్రమం ఇక్కడ బాగా మోసం చేస్తుంది. పైన లేత రంగుకు తిరిగి, పొడిపొడిగా, నీళ్ల కోసం చూస్తున్నట్టే కనిపిస్తుంది. వేలు రెండు గణుపుల లోతుకు దించితే లోపల చల్లగా తగులుతుంది, వేలు బయటికి తీస్తే పొట్టు అంటుకుని వస్తుంది. అలా ఉంటే చెంబు పక్కన పెట్టేయండి. పెద్ద కుండీ అయితే సన్నని చెక్కపుల్లను అడుగు దాకా గుచ్చి, పది నిమిషాలు ఆగి తీసి చూడండి. పుల్ల తడిసి రంగు మారితే ఇంకా సమయం ఉంది. చిన్న కుండీని చేత్తో ఎత్తి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, బాగా ఆరాక ఒకసారి ఎత్తి చూస్తే ఆ బరువుల తేడా చేతికి అలవాటైపోతుంది.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. భయపడి రోజూ గుక్కెడు గుక్కెడు పోయడం కూడా చెరుపే. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉండి చిన్న నల్ల ఈగలు గుడ్లు పెడతాయి, అడుగు వేళ్లేమో ఎండిపోతాయి, ఎరువుల ఉప్పు లోపలే పేరుకుంటుంది. మట్టి ఆరిందని తేలాక, గది వేడిమిలో ఉన్న నీళ్లు కుండీ చుట్టూ నెమ్మదిగా, కింద రంధ్రాల్లోంచి కారేవరకు పోయండి. అరగంటలోపు పళ్లెంలో చేరిన నీరు పారబొయ్యండి. అందం కోసం కుండీని ఇంకో రంధ్రం లేని కుండీలో దించి ఉంచారా? అయితే ఈ కాలంలో దాన్ని తప్పకుండా బయటికి తీసి నీళ్లు పోసి, పూర్తిగా ఓడిన తర్వాతే మళ్లీ దించండి. లోపలి కుండీ నీళ్లలో నానుతూ ఉన్నా పైనుంచి కనబడదు.

రంధ్రం లేని కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే చాలన్న మాట నమ్మకండి. నీరు మట్టిలోంచి రాళ్లలోకి అంత తేలిగ్గా దిగదు. రాళ్ల పైనున్న మట్టి పొర ముందు పూర్తిగా నానాలి. అంటే తడి పొర వేళ్లకు ఇంకా దగ్గరికి వస్తుంది. రంధ్రం ఉండి తీరాలి, అంతే.

మాస్ పోల్ (నాచు చుట్టిన కర్ర) మీద తీగను పాకించిన వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కాడ మీద నుంచి బయటికి వచ్చే గాలి వేళ్లు పట్టుకోవడానికి నాచు చెమ్మగా ఉండాలి, నిజమే. కానీ పోల్ మీద పోసిన నీరంతా చివరికి కుండీలోకే దిగుతుంది. ఈ రోజుల్లో స్ప్రేతో నాచును మాత్రం తడపండి. కారేంతగా పోస్తే దాన్ని కుండీకి పోసిన నీళ్ల కిందే లెక్కవెయ్యండి.

ఆకులు వాలిపోతే కంగారుపడి నీళ్లు పోయడం ఇప్పుడు చాలా ప్రమాదం. దాహమైనా వాలతాయి, వేళ్లు కుళ్లినా వాలతాయి. మట్టి పొడిగా, కుండీ తేలిగ్గా ఉంటే దాహం. మరీ ఎండిన కొబ్బరిపొట్టు నీటిని పీల్చదు, అంచుల వెంట జారిపోతుంది. అప్పుడు కుండీని ఓ అరగంట నీళ్ల తొట్టిలో నిలబెట్టి, తీసి ఓడనివ్వాలి. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలితే, కింది ఆకులు ఒకటి వెంట ఒకటి పసుపెక్కితే, మొక్కను బయటికి తీసి చూడాల్సిందే. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లబడి మెత్తగా ఉంటుంది, చేతి వేళ్లతో లాగితే పైతొక్క ఊడివచ్చి లోపల దారం ఒక్కటే మిగులుతుంది. అలాంటివన్నీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, కొత్త మిశ్రమంలో, మిగిలిన వేళ్లకు సరిపడే చిన్న కుండీలో నాటండి. వేళ్లన్నీ పోయినా ఆశ వదులుకోవద్దు. గట్టిగా ఉన్న కాడను ఒక కణుపుతో సహా కత్తిరించి నీళ్లలో ఉంచితే కొత్త వేళ్లు రావచ్చు. ఈ పనులు చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. ఈ మొక్కల పాలు చర్మానికి దురద పెడతాయి, పిల్లలూ పిల్లులూ కుక్కలూ నమిలితే నోరు మండిపోతుంది.

తెల్లవారి ఆకు కొనల్లో నీటి బొట్లు వేలాడటం రోగం కాదు, మొక్క అధికంగా ఉన్న నీటిని బయటికి పంపుతోందంతే. అయితే అదే పనిగా కనిపిస్తుంటే మట్టి ఇంకా తడిగానే ఉందేమో ఒకసారి చూసుకోండి.

కుండీ మార్చే ఆలోచన ఉంటే వెలుతురు తగ్గకముందే పూర్తి చేయండి. పాతదానికంటే రెండంగుళాల వెడల్పు ఎక్కువుంటే చాలు. అంతకు మించితే వేళ్లు అందని మట్టి తడిగానే ఉండిపోతుంది. చిగురు వెయ్యడం ఆగిపోయాక ఎరువు కూడా ఆపండి. ఊరికి వెళ్లే ముందు ముందస్తుగా రెండింతల నీళ్లు పోసిపోకండి. మట్టి ఆరి ఉంటే మామూలుగానే పోసి, కాస్త నీడగా ఉండే చోటికి జరిపితే చాలు. మళ్లీ వెలుతురు పెరిగి, కొత్త ఆకు విచ్చుకోవడం మొదలైతే కుండీ త్వరగా తేలికవడం మీ చేతికే తెలుస్తుంది. అప్పటినుంచి మెల్లమెల్లగా నీళ్లు పెంచుకుంటూ వెళ్లండి.