క్యాంపర్ వ్యాన్‌పై రెండో సోలార్ ప్యానెల్ పెట్టినా ఛార్జింగ్ పెరగడం లేదా?

సమస్య

వ్యాన్ పైకప్పు మీద ముందునుంచీ ఉన్న 100 వాట్ల ప్యానెల్ పక్కన, మేడల మీద వాడే 330 వాట్ల ప్యానెల్ ఒకటి బిగించి, రెండింటినీ ప్యారలల్‌గా (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలిపి ఒకే ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలర్‌కు, అంటే ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తి రాబట్టి బ్యాటరీకి పంపే పరికరానికి, ఇచ్చారనుకుందాం. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ కంట్రోలర్ తెర మీద 200 వాట్లకు మించి కనిపించదు. వైర్లు విప్పే ముందు బ్యాటరీ నిండి ఉందేమో చూడాలి. నిండిన బ్యాటరీకి కంట్రోలరే కరెంటు తగ్గిస్తుంది కాబట్టి, ఫ్రిజ్, ఫ్యాన్ నడిపి కొంత ఖాళీ చేశాకే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది.

కారణం

ప్యానెల్ వెనుక అతికించిన స్టిక్కర్‌లో చాలామంది వాట్లు మాత్రమే చదువుతారు. అసలు చూడవలసినవి వీఎంపీ, ఐఎంపీ, అంటే గరిష్ఠ శక్తి ఇచ్చేటప్పటి వోల్టేజీ, కరెంటు. 36 సెల్స్ ఉన్న చిన్న ప్యానెల్‌కు ఇవి సుమారు 18 వోల్టులు, 5.5 ఆంపియర్లు, 72 సెల్స్ ఉన్న పెద్దదానికి సుమారు 37 వోల్టులు, 8.9 ఆంపియర్లు.

ప్యారలల్‌లో రెండూ ఒకే వోల్టేజీ దగ్గర పనిచేయక తప్పదు. 18 వోల్టుల దగ్గర నిలిస్తే పెద్ద ప్యానెల్ తన శక్తిలో సగమే ఇస్తుంది. వోల్టేజీ 22 దాటితే చిన్నది కరెంటు ఇవ్వడం మాని, పెద్దదాని కరెంటునే తాగడం మొదలుపెడుతుంది. మొత్తం మీద పూర్తి ఎండలో వచ్చేది 260 వాట్ల లోపే, అంటే పెద్ద ప్యానెల్ ఒక్కటే ఉన్నా ఇంతకన్నా ఎక్కువ వచ్చేది.

సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు) కలిపినా గట్టెక్కలేము. అక్కడ రెండింటిలోనూ ఒకే కరెంటు పారాలి కాబట్టి, 5.5 ఆంపియర్ల దగ్గర దాదాపు 300 వాట్లే వస్తాయి. లేదా చిన్నదాని బైపాస్ డయోడ్ల (సెల్స్‌ను తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే భాగాల) గుండా కరెంటు పోయి, అది పైకప్పు మీద ఉత్త బరువుగా మిగులుతుంది. పైగా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీలు (దేనికీ కలపనప్పుడు ప్యానెళ్లు చూపేవి) 22, 46 కలిసి 68 అవుతాయి. 75 వోల్టుల పరిమితి ఉన్న కంట్రోలర్‌కు ఇది సరిపోయినట్టే ఉంటుంది కానీ, 25 డిగ్రీల నుంచి దిగే ప్రతి డిగ్రీకీ వోల్టేజీ సుమారు 0.3 శాతం పెరుగుతుంది. లంబసింగి చలికి భయం లేదు. లడఖ్‌లో మైనస్ 10 డిగ్రీల ఉదయాన మాత్రం ఆ పరిమితి దాటిపోతుంది.

పరిష్కారం

ఒక్కో ప్యానెల్‌కు ఒక్కో కంట్రోలర్ పెట్టి, రెండింటి అవుట్‌పుట్‌లనూ ఒకే బ్యాటరీకి కలపడమే సరైన మార్గం. 12 వోల్టుల బ్యాటరీకి పెద్ద ప్యానెల్ నుంచి 25 ఆంపియర్ల వరకు వస్తుంది కనుక దానికి 30 ఆంపియర్ల ఎంపీపీటీ కావాలి. చిన్నదానికి చవకైన పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ చాలు. రెండింటిలోనూ బ్యాటరీ రకం, ఛార్జింగ్ వోల్టేజీలు ఒకేలా సెట్ చేసి, ప్రతి అవుట్‌పుట్ వైరుకూ బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు వేయాలి.

రెండో కంట్రోలర్‌కు చోటు లేకపోతే పెద్దదాన్ని మార్చి, వీఎంపీ 18 వోల్టులే ఉన్న 150 లేదా 200 వాట్ల ప్యానెల్ తీసుకోవచ్చు. వోల్టేజీ కలిస్తే, వాట్లు వేరైనా ప్యారలల్‌లో ఇబ్బంది లేదు. కనెక్షన్ మార్చేటప్పుడు ప్యానెళ్ల మీద మందపాటి దుప్పటి కప్పి, ముందు ప్యానెల్ వైర్లు, తరువాత బ్యాటరీ వైర్లు విప్పాలి; బిగించేటప్పుడు బ్యాటరీయే ముందు.