గోదావరి వరద దిగాక సాల్మొనెల్లా ఇంట్లోకి రాకుండా ఎలా చూసుకోవాలి?

సాల్మొనెల్లా అంటే టైఫాయిడ్, వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిమి. దాని పేరు వినగానే చాలామంది కోడిగుడ్డునే అనుమానిస్తారు. డెల్టాలో ముందు చూడాల్సింది నీళ్లు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి, కాబట్టి కాలువతో నింపిన మంచినీళ్ల చెరువే దిక్కు. ఎగువ ఊళ్ల మురుగు, పశువుల పేడ, బాతుల రెట్ట అదే కాలువలో కలుస్తాయి. కాలువలకు కొత్తగా నీళ్లు వదిలినప్పుడు, వరదలప్పుడు ఈ బెడద మరీ ఎక్కువ. టైఫాయిడ్ తెచ్చే రకం మనుషుల నుంచే వస్తుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే మిగతా రకాలు కోళ్లు, బాతులు, పశువుల్లోనే కాదు, గోడ మీది బల్లుల్లోనూ ఉంటాయి.

1. నీళ్లు తేర్చండి. బురదనీళ్లలో క్లోరిన్ సరిగా పనిచేయదు. పటిక తిప్పి, తేరాక పైనీళ్లు వంచుకుని గుడ్డతో వడకట్టండి.

2. తాగే నీళ్లు బాగా మరగనివ్వండి. తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచితే చాలు. ట్యాంకుకైతే 1000 లీటర్ల తేటనీళ్లకు మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు చాలు. దాన్ని కొద్ది నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోసి అరగంట ఆగండి. ఎప్పుడో విప్పిన పాత ప్యాకెట్‌ను నమ్మకండి, దాని ఘాటు పోయుంటుంది. వరదలో మునిగిన బావికి ఈ లెక్క సరిపోదు. పంచాయతీ వాళ్లతో శుభ్రం చేయించి, క్లోరినేషన్ అయ్యేదాకా ఆ నీళ్లు ముట్టకండి.

3. కుళాయి గొట్టం మురుగుకాలువలోంచి వెళ్తోందేమో చూడండి. కరెంటు పోయి పంపు ఆగితే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా చీలిక ఉంటే మురుగును లోపలికి లాగేస్తుంది. అందుకే మళ్లీ వచ్చిన మొదటి నీళ్లు తాగడానికి పట్టకండి. చీలిక కనిపిస్తే ఆ రోజే పంచాయతీకి చెప్పండి, అది వీధి మొత్తానికి ముప్పు.

4. వంటింట్లో జాగ్రత్త. పచ్చి చికెన్ కడిగితే నీళ్లతో పాటు క్రిమి చుట్టూ చిందుతుంది, కానీ కడగొద్దంటే మనవాళ్లు ఒప్పుకోరు. కనీసం ధార కింద పెట్టకుండా గిన్నెలో మెల్లగా కడిగి, ఆ చోటును సబ్బుతో తోమండి. చితికిన గుడ్లు వాడొద్దు, బలమని పిల్లలతో పచ్చిగుడ్డు మింగించొద్దు. పొలానికి కోళ్లపెంట తోలినవాళ్లు చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కున్నాకే ఇంట్లోకి రావాలి.

5. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకండి. ఈ క్రిమి 35–37 డిగ్రీల వేడిలో చకచకా పెరుగుతుంది, మన వేసవి వంటిల్లు సరిగ్గా అంతే ఉంటుంది. చేపల పులుసు మర్నాటికే రుచి, నిజమే. కానీ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున బాగా తెర్లించాకే వడ్డించండి.

6. విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. చాలామందికి వారంలోపు యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతుంది, మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకోవద్దు. రక్తం పడినా, మూత్రం తగ్గినా, జ్వరం మూడు రోజులు దాటినా ఆసుపత్రికి వెళ్లాలి. పసిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణుల విషయంలో అంతదాకా కూడా ఆగొద్దు. టైఫాయిడ్ అనుమానిస్తే యాంటీబయాటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉందేమో చూసే పరీక్ష) గురించి డాక్టరును అడగండి. జ్వరం తగ్గాక కూడా కొందరి మలంలో ఈ క్రిమి కొన్నాళ్లు పోతూనే ఉంటుంది. డాక్టరు సరేననేదాకా వాళ్లను వంటకు, వడ్డనకు దూరంగా ఉంచండి.