నౌకల అంకెలు చదవడం - 4వ పాఠం: రేంజర్ లెక్క ఎక్కడ తప్పింది?

పోయినసారి ఇచ్చిన సాధనలో రెండు అమెరికా విమానవాహక నౌకల్ని (విమానాల్ని మోసుకెళ్లి, డెక్ అనే పైతలం మీంచి ఎగరేసే ఓడల్ని) పోల్చి ఏది మేలో చెప్పమన్నాను. చాలామంది ఒకే చోట కాలు జారారు. 33,000 టన్నుల లెక్సింగ్టన్‌ది సుమారు 78 విమానాలు, 14,500 టన్నుల రేంజర్‌ది 76. కాబట్టి రేంజరే మేలు అని రాశారు. ముందు ఇది సరిచేసుకుందాం.

పెద్ద దేశాల యుద్ధనౌకల టన్నులకు హద్దు పెట్టిన 1922 వాషింగ్టన్ ఒప్పందం ప్రకారం విమానవాహక నౌకల కోసం అమెరికాకు దక్కింది 1,35,000 టన్నులు. లెక్సింగ్టన్, దాని జోడు ఓడ సారటోగాలకే 66,000 పోయాయి. మిగిలిన 69,000ను ఐదు ఓడలకు పంచితే తలా 13,800. రేంజర్ కొలతలు తేల్చింది ఈ భాగహారమే; కట్టేసరికి అది 14,500 అయింది.

టన్నుకు ఎన్ని విమానాలు అన్న లెక్క దయచేసి వేయకండి. విమానం ఓడలో ఉండటం వేరు, ఓడ మీంచి లేవడం వేరు. లేవాలంటే డెక్ మీద ఎదురుగాలి కావాలి. గాలి స్తంభించిన రోజున ఆ గాలిని ఓడ వేగమే పుట్టించాలి. రేంజర్ ఇవ్వగలిగింది 29 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.), తర్వాత వచ్చిన యార్క్‌టౌన్ 32 దాటేది. ఆ మూడు నాట్లు తగ్గితే బాంబు కట్టిన విమానం డెక్ మీద ఇంకాస్త దూరం పరుగెత్తాలి. పరుగుకు చోటు వదిలితే వెనక వరసల్లో నిలబెట్టే విమానాలు తగ్గుతాయి. పైగా అట్లాంటిక్ అలలకు ఆ తేలిక ఓడ ముక్కు ఎత్తి దించుతుంటే, 76 ఉన్నా ఒక్కటీ లేపలేని పరిస్థితి.

నీటి కింద రక్షణ అంతంతమాత్రం. టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధాలు) దాచే గది మొదట్లో లేదు, దాంతో టార్పెడో విమానాల దళమూ లేదు. ఫొటోలో రేంజర్‌ని పోల్చుకోవడానికి నేను ముందు ఓడ వెనక భాగం చూస్తాను: రెండు పక్కలా మూడేసి సన్నని పొగగొట్టాలు. విమానాలు ఎగిరే, దిగే వేళల్లో వాటిని బయటికి అడ్డంగా వాల్చేవారు.

అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో రేంజర్‌ని పసిఫిక్ పోరాటాలకు పంపలేదు. 1942 నవంబరులో మొరాకోలోని కాసాబ్లాంకా దగ్గర, 1943 అక్టోబరులో నార్వే తీరంలోని బోడో దగ్గర పోరాడింది. రెండుచోట్లా ఎదుట శత్రువు విమానవాహక నౌక లేదు. అక్కడ అది బాగా పనికొచ్చింది. 1944లో శిక్షణకు మళ్లించారు.

సాధన: యార్క్‌టౌన్, ఎంటర్‌ప్రైజ్ ఒక్కోటి సుమారు 19,900 టన్నులు. పై 69,000లోంచి వీటిని, రేంజర్‌నూ కలిపి తీసేస్తే మిగిలిన టన్నుల్లోంచే వాస్ప్ అనే మరో విమానవాహక నౌక వచ్చింది. అది ఎన్ని టన్నులో కట్టండి. 1942 సెప్టెంబరు 15న జపాన్ జలాంతర్గామి టార్పెడోలు తగిలాక, గంట తిరక్కముందే దాన్ని వదిలేయమని ఆజ్ఞ ఎందుకు ఇవ్వాల్సివచ్చిందో ఆ అంకె నుంచే మొదలుపెట్టి ఒక పేజీ రాయండి.