నీటికాసుల ఆపరేషన్ తర్వాత కంట్లో గరగర: ఏం చేయాలి?

నీటికాసుల ఆపరేషన్ తర్వాత కంటి ప్రెషర్ తగ్గిందని డాక్టర్ చెప్పినా కంట్లో ఇసుక పోసినట్లే ఉంటుంది చాలామందికి. ఇది ఎక్కువగా కంటి పైపొర బాధ.

ట్రాబెక్యులెక్టమీ అనే నీటికాసుల ఆపరేషన్‌లో పై రెప్ప చాటున తెల్లగుడ్డులో చిన్న మూత కోసి, లోపలి నీరు పైపొర కిందికి వచ్చేలా దారి చేస్తారు. అక్కడ లేచే పొంగే బ్లెబ్. అది ఉండాల్సిందే. కానీ ఎత్తుగా లేస్తే రెప్ప దాని మీద సాఫుగా జారదు. పొంగు అంచున కన్నీటి పొర అంటక నల్లగుడ్డు ఎండి పల్చబడుతుంది. డాక్టర్లు దాన్ని డెల్లెన్ అంటారు. దారి మూసుకోకుండా పూసే మైటోమైసిన్ సి కూడా కన్నీటిని కంటికి పట్టి ఉంచే కణాలను దెబ్బతీస్తుంది. ఏండ్ల తరబడి వేసిన చుక్కల్లో మందు చెడకుండా కలిపే ప్రిజర్వేటివ్ బెంజాల్కోనియం క్లోరైడ్ అప్పటికే వాటిని సగం నలిపి ఉంటుంది. కుట్టు దారం కొన తేలినా గుచ్చుతుంది, అది డాక్టర్ తీయాల్సిందే.

ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5% చుక్కలను (కన్నీటికి బదులు వేసేవి) డాక్టర్‌నడిగి రాయించుకోండి. మామూలుగా రోజుకు 4 నుంచి 6 సార్లు. చిన్న ప్లాస్టిక్ గొట్టం తెరిస్తే మర్నాటికి దాచొద్దు. కింది రెప్పనే లాగి ఒక చుక్క వేయండి, పై రెప్పను నొక్కితే బ్లెబ్ మీద ఒత్తిడి పడుతుంది. రెండు మందుల మధ్య 5 నిమిషాలు ఆగాలి, లేకుంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. జెల్ ఉంటే చివర్న. మంట పుడుతోందని స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా ఆపొద్దు. మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది.

వరికోత మిషన్ దగ్గర, మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో, పత్తి ఏరేచోట ఎగిరే నూగుకు పక్కలు మూసిన అద్దాలు పెట్టుకోండి. బైక్ మీద కూడా అంతే. కన్ను నలపొద్దు, చెరువులో, బావిలో మునగొద్దు. ఆకు పసరు, ఆముదం, చనుబాలు కంట్లో పోయించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆపరేషన్ కంటికి అదే పెద్ద గండం.

గరగర వేరు, ప్రమాదం వేరు. ఉన్నట్టుండి నీళ్లు ధారగా కారితే బ్లెబ్ లీకు కావచ్చు. ఫ్లోరెసీన్ రంగు వేసి చూస్తే తెలిసిపోతుంది. ఎర్రబడి, నొప్పితో పుసి కట్టి, చూపు మసకబారితే ఇన్ఫెక్షనే అనుకోండి. ఆపరేషనై పదేండ్లయినా ఇది రావచ్చు. మెడికల్ షాపులో చుక్కలడగకుండా ఆ రోజే, రాత్రయినా సరే, కంటి ఆసుపత్రికి పోవాలి.